నయాగరా గడ్డకట్టునా?

చలికాలము వచ్చినదనగా మాకు వచ్చు ఉత్తరములలో ఒకటి రెండింటనైనను ఈ ప్రశ్న కనిపించుచుండును. నిరుడు ఒక శ్రోత తమ ఉత్తరముతోపాటు ఒక ఛాయాచిత్రమును కూడ పంపిరి. అందు నయాగరా జలపాతము నిలువెల్ల తెల్లని మంచుగోడయై నిలిచియున్నది. దానిముందు దళసరి కోట్లు తొడిగిన మనుష్యులు చీమలవలె కనిపించుచున్నారు. వారి కుమారుడు అమెరికాలో, ఆ జలపాతమునకు ఎంతో దూరము కాని బఫెలో నగరమున చదువుచున్నాడట. పూర్వము జనులు చేసినట్లు తానును స్నేహితులతో ఆ మంచుమీద నడచి చూడవలెనని అతనికి కోరికగా నున్నదట. "అంతటి నది నిజముగా గడ్డకట్టినదా? లేక ఇది బొమ్మలు తయారుచేయువారి చమత్కారమా?" అని ఆ తండ్రి అడిగిరి.

చిత్రము నిజమైనదే కావచ్చును. దాని క్రింద వ్రాసిన పేరే నిజము కాదు.

నయాగరా యనునది ఒక్క జలపాతము కాదు, మూడు. ఈరీ సరస్సునుండి బయలుదేరి ఆంటేరియో సరస్సును చేరెడి నయాగరా నది, నడుమ ద్వీపములు అడ్డము రాగా, మూడు పాయలై కొండచరియనుండి దుముకును. కెనడా వైపున నున్నది గుఱ్ఱపు లాడమువలె వంగియున్నందున దానికి హార్స్‌షూ జలపాతమని పేరు. అమెరికా వైపున అమెరికన్ జలపాతమును, దాని ప్రక్కనే పెండ్లికూతురి మేలిముసుగు అను అర్థము వచ్చు పేరుగల సన్నని ధారయు నున్నవి. నదిలోని నీటిలో నూటికి 90 పాళ్ళు హార్స్‌షూ మీదుగానే పోవును. మిగిలిన పదవ వంతే తక్కిన రెండింటికి దక్కును. ఈ లెక్కను జ్ఞాపకముంచుకొనుడు. శ్రోత పంపిన చిత్రములో మంచుగోడయైనది ఆ పదవ వంతు.

నీరు గడ్డకట్టుటకు చలి యొక్కటియే చాలదు. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ చల్లార్చుటకు ఒక కెలోరీ ఉష్ణమును తీసివేసిన చాలును. కాని సున్న డిగ్రీలకు దిగిన అదే గ్రాము నీరు మంచుగా మారవలెనన్న ఇంకను 80 కెలోరీలు పోవలయును. శాస్త్రజ్ఞులు దీనిని గుప్తోష్ణమందురు. అమెరికా, కెనడా దేశములు 1950లో చేసికొన్న ఒడంబడిక ప్రకారము, విద్యుదుత్పత్తికి ఎంత నీరు మళ్ళించినను, చలికాలములో సెకనుకు 50,000 ఘనపుటడుగులకు తగ్గకుండ జలపాతములకు వదలవలయును. అంత నీటిని గడ్డకట్టింపవలెనన్న ప్రతి సెకనునకు సుమారు 11,000 కోట్ల కెలోరీల ఉష్ణమును లాగివేయవలయును. అదియును తీరికగా కాదు. హార్స్‌షూ ఎత్తు సుమారు 57 మీటర్లు, పైనుండి జారిన నీటిబొట్టు క్రిందికి చేరుటకు పట్టు కాలము మూడు నాలుగు సెకండ్లు మాత్రమే. ఏ శీతల పవనమునకును అది సాధ్యము కాదు.

ఇంకొక వింత కూడ కలదు. పడుట వలన నీరు చల్లబడదు, రవ్వంత వేడెక్కును. శక్తి నశింపదని ప్రయోగములతో చూపిన ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు జేమ్స్ జౌల్, 1845లోనే దీనికి నయాగరానే ఉదాహరణముగా తీసికొని, 160 అడుగుల పతనము వలన నీరు ఫారెన్‌హీట్ డిగ్రీలో అయిదవ వంతు వేడెక్కవలెనని లెక్కకట్టెను. 1847లో వివాహమై ఆల్ప్స్ పర్వతములకు పోయినప్పుడును ఆయన ఉష్ణమాపకమును వెంట తీసికొనిపోయి, జలపాతముల పైని నీటికిని క్రింది నీటికిని తేడా చూడదలచెనని ఆయన మిత్రుడు విలియం థాంసన్ తరువాత చెప్పెను. నవవధువు దీనికేమనెనో ఎవరును వ్రాసియుంచలేదు.

సరస్సు సంగతి వేఱు. నిలిచిన నీరు 4 డిగ్రీల వద్ద అన్నిటికంటె బరువుగా నుండును. అంతకంటె చల్లబడిన నీరు తేలికయై పైననే నిలిచి, ముందు పైపొర గడ్డకట్టును. పాఱెడి నీటిలో అట్టి పొర ఏర్పడదు. అడుగునీరు పైకి, పైనీరు అడుగునకు తిరుగుచునే యుండును. అందుచేత నదియంతయు సున్న డిగ్రీలకు దిగిన పిమ్మటనే సన్నని మంచునలుసులు పుట్టి, నీటితో కొట్టుకొనిపోవుచు, రాళ్ళకును విద్యుత్కేంద్రముల నీటి ద్వారములకును అంటుకొనును.

మఱి ఆ తెల్లని గోడ ఎక్కడిది? అది తుంపురుల పని. జలపాతమునుండి లేచిన తుంపురు చెట్లమీదను, బండలమీదను, కమ్మీలమీదను పడి, పడినచోటనే గడ్డకట్టి పొరపై పొరగా పెరుగును. ధార సన్నగానున్న చోట్ల రెండు ప్రక్కలనుండి పెరిగిన మంచు కలిసికొని ముందు ఒక తెరవలె నిలుచును. నీరు ఆ తెర వెనుకగా దుముకుచునే యుండును. 2014 జనవరిలో ఉత్తర ధ్రువపు చలిగాలులు అమెరికాపైకి దిగినప్పుడు నయాగరా గడ్డకట్టెనని లోకమంతట చిత్రములు తిరిగినవి. నాడును హార్స్‌షూ నడిమి ధార ఆగలేదు. 2015 జనవరి 27న విల్ గాడ్ అను కెనడా పర్వతారోహకుడు హార్స్‌షూ అంచున తుంపురుతో పేరుకొన్న మంచును పట్టుకొని పైకెక్కెను. అతని ప్రక్కనే నది యథాప్రకారము దుముకుచుండెను.

ఇక ఆ కుమారుని కోరిక విషయము. ఈరీ సరస్సునుండి కొట్టుకొనివచ్చిన మంచుగడ్డలు జలపాతము క్రింద ఇరుకైన లోయలో చిక్కుకొని, ఒకదానినొకటి అంటుకొని, ఒడ్డునుండి ఒడ్డునకు వంతెనవలె పఱచుకొనును. పూర్వము జనులు దానిపై తిరునాళ్ళకు పోయినట్లు పోయెడివారు. దానిమీదనే పాకలు వేసి పానీయములు అమ్మిరి, ఛాయాచిత్రములు తీసిరి. పైకి నేలవలె కనిపించినను, అడుగున నది పాఱుచునే యున్నది గదా! 1912 ఫిబ్రవరి 4, ఆదివారము మధ్యాహ్నము ఆ మంచు హఠాత్తుగా కదలి విఱిగెను. తక్కినవారు ఒడ్డు చేరగలిగిరి. టొరంటో నగరమునుండి వచ్చిన దంపతులును, క్లీవ్‌లాండ్‌నుండి వచ్చిన 17 ఏండ్ల బాలుడొకడును ఒక మంచుపలకపై చిక్కుకొనిరి. ఆ బాలుడు ఒడ్డు చేరగలిగియు, ఆ దంపతులకు సాయము చేయుటకే వెనుకకు తిరిగెనందురు. వంతెనలపైనుండి త్రాళ్ళు వదలిరి. బాలుడు త్రాడు పట్టుకొని కొంత పైకి వచ్చి, చేతులు కొంకర్లుపోయి జాఱిపడెను. భర్త త్రాడును భార్య నడుమునకు చుట్టబోయి చుట్టలేక, ఆమెను కౌగిలించుకొని మోకరిల్లెను. వేలకొలది జనుల కన్నులయెదుట ముగ్గురును మునిగిపోయిరి. నాటినుండి ఆ మంచుపై కాలుపెట్టుట నిషిద్ధము. ఆ తండ్రికి నేను వ్రాసిన జవాబులో ఈ సంగతినే ముందు వ్రాసితిని.

అదే మంచు 1938 జనవరి 27న, రెండు దేశములను కలుపుచుండిన ఉక్కు వంతెన పాదములను నొక్కి, దానిని లోయలోనికి పడద్రోసెను. ముందుగానే రాకపోకలు ఆపియుండుటచే ప్రాణనష్టము కలుగలేదు. 1941లో తెఱచిన క్రొత్త వంతెనకు ఆధారములను మంచు అందుకొనలేనంత ఎత్తున కట్టిరి.

నయాగరా ఒక్కసారి నిజముగానే ఆగినది. కాని అది జలపాతము గడ్డకట్టుట వలన కాదు. 1848 మార్చి 29 రాత్రి, ఈరీ సరస్సులో పగిలిన మంచును పెనుగాలి నది మొదలునకు నెట్టగా, బఫెలో వద్ద అది ఆనకట్టవలె అడ్డుపడెను. క్రింద నీరు తగ్గి, తగ్గి, ఆగిపోయెను. జీవితమంతయు ఆ హోరులోనే నిద్రించిన జనులు హోరు ఆగుటచే మేలుకొనిరట! నీటితో తిరుగు మిల్లులు నిలిచిపోయినవి. కొందఱు ప్రళయము వచ్చినదని చర్చిలలో ప్రార్థనలకు చేరిరి. కొందఱు ధైర్యవంతులు నదీగర్భములోనికి దిగి, 1812లో మొదలైన యుద్ధమునాటి తుపాకులను, బాయొనెట్లను ఏఱుకొనిరి. మార్చి 31 రాత్రి మంచుకట్ట తెగి నీరు గర్జించుచు వచ్చెను.

ఇట్టి అడ్డంకులు మరల కలుగకుండుటకై 1964 మొదలు ప్రతి శీతకాలమున ఈరీ సరస్సు నది కాబోవు చోట సుమారు 2.7 కిలోమీటర్ల పొడవున తేలెడి కట్ట నొకటి అమర్చుచున్నారు. మొదట అది దుంగలతో చేసినది, తరువాత ఉక్కు గొట్టములు వచ్చినవి. సరస్సుపై మంచు పలకగా ఏర్పడి నిలుచుటకు అది తోడ్పడును. వసంతమున దానిని తీసివేయుదురు.

ఎత్తు సంగతి పెద్దది కాదు. మన ఆదిలాబాదు అడవులలోని కుంతాల సుమారు 150 అడుగులు. నయాగరా దానికంటె ఎంతో ఎత్తైనది కాదు. కెనడాలోని మోంట్‌మొరెన్సీ నయాగరాకంటె ఎత్తైనదే, కాని నీరు తక్కువ. అచట చలికాలమున తుంపురు గడ్డకట్టి జలపాతము పాదమున చక్కెర దిమ్మవంటి కొండ లేచును. దాని వెనుకను నీరు పడుచునే యుండును. ఏటి నీరు బొత్తిగా సన్నగిల్లిన చిన్న జలపాతములు మాత్రము కొనవఱకు మంచు స్తంభములగుట కలదు.

ఆ శ్రోత మఱియొక పర్యాయము చిత్రమును పరికించవలెనని కోరుచున్నాను. తెల్లని గోడ నడుమ అక్కడక్కడ నీలముగా, నలుపుగా సన్నని చాఱలు కనిపించును. వానిని మంచులోని పగుళ్ళనుకొనవలదు; నీరు దుముకుచున్నది అచటనే.