అరగంట దూరానికి గంట పైన ఎందుకు?

రేణిగుంట నుంచి హైదరాబాదుకు విమానంలో ఎంత దూరం, ఎంతసేపు? సత్యవేడు వాళ్లకైతే దీని వెనకే ఇంకో ప్రశ్న: రేణిగుంటకు పోవాలా, చెన్నైకి పోవాలా?

దూరం కనుక్కోవడానికి కాగితం, పెన్సిలు చాలు. రేణిగుంట విమానాశ్రయం 13.6 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, హైదరాబాదు విమానాశ్రయమున్న శంషాబాద్ 17.2 మీద. తేడా 3.6. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున ఉత్తరానికి 400. రేఖాంశాల తేడా 1.1 డిగ్రీలు. ధ్రువాల వైపు పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి కనుక మన దగ్గర ఆ డిగ్రీ 107 కిలోమీటర్లే, పడమరకు 118. ఇక బడిలో చదివిన పైథాగరస్ లెక్క: కర్ణం సుమారు 417 కిలోమీటర్లు. రోడ్డు మీదైతే 550 దాటుతుంది.

జెట్ విమానం గంటకు సుమారు 830 కిలోమీటర్లు పోతుంది. అంటే అరగంట. మరి టికెట్టు మీద గంటా పది నిమిషాలో, ఇంకాస్త ఎక్కువో ఎందుకుంటుంది?

టికెట్టులోని సమయం గాల్లో ఉండే సమయం కాదు. విమానం నిలిచిన చోటి నుంచి కదిలినప్పుడు మొదలై, అవతల ఆగినప్పుడు ముగుస్తుంది. రన్‌వే దాకా పాకడం, వంతు కోసం ఆగడం, దిగాక మళ్లీ పాకడం, అన్నీ అందులోవే. ఆలస్యమన్న మాట పడకుండా విమాన సంస్థలు పైన ఇంకొన్ని నిమిషాలు వేసుకుంటాయి కూడా.

గాల్లోనూ ఆ 830 నిలవదు. పది వేల అడుగుల లోపు వేగం సాధారణంగా గంటకు 463 కిలోమీటర్లు (250 నాట్లు) మించకూడదు. ఎక్కడానికి వందకు పైగా కిలోమీటర్లు, దిగడానికి అంతకన్నా ఎక్కువ పోతే, నిండు వేగంతో నడిచేది మధ్యలో కాసేపే. అందుకే ఇలాంటి చిన్న దూరాల్లో పంకాల ఏటీఆర్ విమానం గంటకు 500 కిలోమీటర్లే పోయినా జెట్ కన్నా మరీ వెనకబడదు. ఇంధనమూ తక్కువ తాగుతుంది.

ఇంకో తమాషా ఉంది. మనం పోవాల్సింది ఉత్తరానికి, కానీ రేణిగుంటలోనూ శంషాబాద్‌లోనూ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. విమానం గాలికి ఎదురుగా లేవాలి, ఎదురుగానే దిగాలి. మన వైపు గాలి ఏడాదిలో ఎక్కువగా పడమటిదో తూర్పుదో. కాబట్టి లేచాక ఒక తిరుగుడు, దిగే ముందు ఇంకొకటి. కాగితం మీది 417 గాల్లో ఎప్పుడూ 417 కాదు.

ఇప్పుడు సత్యవేడు సంగతి. చెన్నై విమానాశ్రయమున్న మీనంబాక్కం నుంచి శంషాబాద్‌కు సుమారు 505 కిలోమీటర్లు. దాదాపు 90 ఎక్కువే, కానీ జెట్‌కు అది ఆరేడు నిమిషాల పని. ఎక్కడం, దిగడం, పాకడం ఎటూ తప్పవు. కాబట్టి తేల్చేది రోడ్డే. సూటిగా కొలిస్తే సత్యవేడుకు రేణిగుంట 50, మీనంబాక్కం 55 కిలోమీటర్లు, ఇంచుమించు సమానం. కానీ నాగలాపురం, పుత్తూరు మీదుగా రేణిగుంటకు పోయే దారిలో మహానగరం లేదు. మీనంబాక్కం మనకు చెన్నైకి అవతలి కొసన ఉంది. ఊత్తుకోట మీదుగా పోయినా, తడ వైపు హైవే ఎక్కినా నగరపు రద్దీని తప్పించుకోవడం కష్టం.

నన్నడిగితే హైదరాబాదుకు రేణిగుంటే. అక్కడ విమానాలు తక్కువ కనుక ముందు వేళలు చూసుకోండి. కుదరకపోతేనో, విదేశానికైతేనో మీనంబాక్కం. దానికి మాత్రం ఇంటి నుంచి ఇంకో గంట ముందే బయల్దేరండి.