పెళ్లింట్లో గంటకే నీరసమా?

బంధువులంటే ఇష్టమే. అయినా పెళ్లికెళ్లిన గంటకే ఒళ్లు బరువెక్కుతుంది. ఎందుకు?

ఇష్టం వేరు, అలసట వేరు. ఒకవైపు స్పీకర్ల మోత. మరోవైపు "నన్ను గుర్తుపట్టినావా అబ్బయా? యాడ చేస్తుండావు ఉద్యోగం?" అంటూ వరుసగా ప్రశ్నలు. ఇంట్రావర్టుల (అంతర్ముఖుల) మెదడు మామూలుగానే ఎక్కువ చురుగ్గా ఉంటుందనీ, సందడి తోడైతే త్వరగా తట్టుకోలేని స్థితికి వస్తుందనీ మనస్తత్వవేత్త హాన్స్ ఐసెంక్ 1967లో ప్రతిపాదించాడు. అది ఇంకా చర్చలోనే ఉంది. కలుపుగోలుగా మెలిగినప్పుడు హుషారుగా ఉన్నా, సుమారు మూడు గంటల తర్వాత అలసట వస్తుందని ఫిన్లాండ్ పరిశోధకులు 2017లో చూపారు. అదీ ఇంట్రావర్టులకే కాదు, కబుర్లరాయుళ్లకు కూడా. కాబట్టి మీలో లోపం వెతుక్కోనక్కర్లేదు.

అలసట తగ్గించుకోవడం ఎలా?

నెల్లూరు రొట్టెల పండుగ చూడండి. స్వర్ణాల చెరువులో ముక్కూమొహం తెలియని వాళ్లు ఒకరినొకరు పలకరించుకుంటారు. కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరుకునేవాళ్లు తీసుకుంటారు. "ఉద్యోగం రొట్టె", "పెళ్లి రొట్టె" అంటే చాలు. రొట్టె చేతులు మారాక మాటలు పొడిగించాల్సిన పనిలేదు. ఏం మాట్లాడాలో తెలిస్తే సగం భారం తగ్గినట్టే. పెళ్లిలోనూ ఒక పని పట్టుకోండి. వడ్డనలో పప్పు గరిటె మీ చేతిలో ఉంటే "మామా, ఇంకొంచెం?" అన్నది చాలు. జనం రాకముందే వెళ్లండి. మధ్యలో పది నిమిషాలు పందిరి వెనక చెట్టుకింద కూర్చోండి, ఫోన్ జేబులోనే ఉంచి.

త్వరగా వచ్చేస్తే పొగరనుకోరా?

చెప్పకుండా మాయమైతే అనుకుంటారు. వెళ్లగానే "అత్తా, భోంచేసి మూడింటికి బయల్దేరతా" అనేయండి. గాంధీజీనే చూడండి, నిత్యం జనంలో ఉన్న మనిషే. ఆయన సోమవారాలు మౌనం పాటించేవారు. చెప్పాల్సింది ఉంటే చీటీమీద రాసిచ్చేవారు. ఆ నియమం అందరికీ తెలిసిందే కాబట్టి దాన్ని పొగరనుకోవాల్సిన పనిలేకపోయింది.

రాత్రి పెళ్లి, మర్నాడు రిసెప్షన్ రెండూ మోయలేకపోతే ఒకటే ఎంచుకోండి. అయితే జనాన్ని తలుచుకుంటేనే గుండెదడ వస్తున్నా, ఆ భయంతో కాలేజీయో ఉద్యోగమో మానేస్తున్నా అది ఇంట్రావర్ట్ స్వభావం కాదు. మానసిక వైద్యుణ్ని కలవండి, చికిత్స ఉంది.