పరిశోధన వ్యాసము: వ్రాతప్రతిని సిద్ధపరచు విధము

ఖరగ్‌పూర్ పట్టణము రైలు మార్గముతో పుట్టి, రైలు మార్గముతో పెరిగినది. 19వ శతాబ్ది చివర బెంగాల్ నాగపూర్ రైల్వే వారు ఇచట కూడలి స్టేషనును, కర్మాగారమును నెలకొల్పగా, నాటి గంజాము, విశాఖపట్టణము జిల్లాల నుండి తెలుగువారు పనులకై వచ్చి స్థిరపడిరి. తరములు గడచినను వారి యిండ్లలో తెలుగు నిలిచియున్నది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వము తెలుగును ఆ రాష్ట్రపు అధికార భాషలలో ఒకటిగా గుర్తించుటకు నిర్ణయించెను. ఇట్టి సమాజమును గూర్చి పరిశోధింపదలచిన రచయితకు సామగ్రి కొదువ లేదు. ఆ సామగ్రిని పరిశోధన పత్రిక అంగీకరించు రూపమున కూర్చుటయే కష్టము.

ఈ రూపమును పలువురు రచయితలు పైమెరుగుగా తలచి, వ్రాయుట ముగిసిన పిమ్మట చూచుకొనవచ్చునని విడిచిపెట్టుదురు. కాని దానికొక ప్రయోజనము కలదు. హెన్రీ ఓల్డెన్‌బర్గ్ 1665లో లండనులో పత్రికను ప్రారంభించిన నాటి నుండి పరిశోధన పత్రిక యొక్క పని ఒక్కటే: ఒకరు కనుగొన్న దానిని, వారిని ఎన్నడును ఎరుగని మరియొకరు సరిచూచుకొనుటకు వీలు కల్పించుట. రచయిత ప్రక్కన కూర్చుండి సందేహములు తీర్చజాలడు. కావున ప్రతి వాక్యము నుండి దాని ఆధారము వరకు పాఠకుడు తానే నడచిపోగల బాట వ్రాతప్రతిలో ఉండవలెను. శీర్షిక, సంగ్రహము, పట్టికలు, అధోజ్ఞాపికలు అన్నియు ఆ బాటకు గుర్తులే.

మొదట చేయవలసినది పత్రికను ఎన్నుకొనుట. వ్యాసమంతయు వ్రాసి పత్రికను వెదకుట కంటె, పత్రికను నిర్ణయించుకొని దాని ఇటీవలి సంచికలను చదివి, రచయితలకు అది ప్రకటించిన సూచనలను ముందుంచుకొని వ్రాయుట మేలు. భాషాశాస్త్ర పత్రికకు తగిన వ్యాసము చరిత్ర పత్రికకు తగదు. మనదేశమున విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము 2019లో ఆమోదిత పత్రికల పట్టిక నొకదానిని సిద్ధపరచి, 2025లో దానిని విరమించుకొన్నది. నాటి నుండి పత్రిక మంచిచెడ్డలను తెలిసికొను భారము రచయిత మీదను, అతని విద్యాసంస్థ మీదను పడినది. సంపాదకవర్గమెవరో, వ్యాసములను ఎవరు పరిశీలింతురో స్పష్టపరుపక, సొమ్ము చెల్లించినచో వారము దినములలో ప్రచురింతుమను పత్రికకు దూరముగా నుండుట క్షేమము.

రెండవది ప్రశ్నను నిర్ణయించుకొనుట. “ఖరగ్‌పూర్ తెలుగువారు” అనునది గ్రంథమునకు పేరు కాగలదు గాని వ్యాసమునకు చాలదు. “1927 నాటి కర్మాగార సమ్మెలో తెలుగు కార్మికుల పాత్ర యెట్టిది?” అనునది వ్యాసమునకు తగిన ప్రశ్న. ప్రశ్న స్థిరపడినచో తక్కిన భాగములు దాని వెంట వచ్చును: సమస్య యేమి, పూర్వులు దానిని గూర్చి చెప్పినదేమి, ఈ వ్యాసమునకు ఆధారములేవి, వానిని పరిశీలించిన పద్ధతి యేది, తేలిన విషయమేమి, దాని ప్రాముఖ్యమెంత. పూర్వుల కృషిని వెదకుటకు సాధనములు నేడు చేరువలోనే యున్నవి. హిజ్లీ నిర్బంధ శిబిరపు భవనమున 1951లో ఆరంభమైన ఖరగ్‌పూర్ సాంకేతిక విద్యాసంస్థయే జాతీయ డిజిటల్ గ్రంథాలయమును రూపొందించినది. అది 2018లో జాతికి అంకితమైనది. సంగ్రహమును అన్నిటికంటె చివర వ్రాసి మొదట నుంచవలెను. సామాన్యముగా అది 150 మొదలు 250 మాటలకు మించదు. అందు ప్రశ్న, ఆధారము, ఫలితము మూడును ఉండవలెను. ఫలితమును దాచి, “ఈ వ్యాసమున చర్చింపబడినది” అని ముగించు సంగ్రహము పాఠకునకు ఏమియు చెప్పదు.

మూడవది ఆధారముల వివరణ. పైని చెప్పిన 1927 సమ్మెనే తీసికొందము. ఆ రైల్వే కార్మిక సంఘమును నడిపిన వి.వి.గిరి ఆత్మకథ 1976లో వెలువడినది. అది విలువైన ఆధారమే. కాని సంఘటనకును గ్రంథమునకును నడుమ సుమారు అర్ధశతాబ్ది కలదు. అర్ధశతాబ్ది తరువాతి జ్ఞాపకమును 1927 నాటి పత్రికా వార్తతో సమానముగా చూపి ఒకే తీరున ఉదాహరించినచో, పాఠకుడు ఆ రెంటి బరువును వేరుచేసి చూడలేడు. ఏ ఆధారము ఎప్పటిదో, ఎవరిదో వాక్యములోనే తెలుపవలెను. వృద్ధుల నోట విన్న విషయములకు ఇది మరింత అవసరము. విన్న తేదీ, స్థలము, చెప్పినవారి వయస్సు, వారి అనుమతి వ్రాసియుంచవలెను. పేరు వెల్లడింపవద్దని వారు కోరినచో సంకేతమును వాడవలెను. “పెద్దలు చెప్పుదురు” అను మాట సభలో చెల్లును గాని పరిశోధన వ్యాసమున చెల్లదు.

నాలుగవది తెలుగువారికి ప్రత్యేకముగా ఎదురగు చిక్కు, పేర్లను గూర్చినది. ఆంగ్ల పత్రికల గ్రంథసూచిక పద్ధతులు పేరులోని కడపటి మాటయే వంశనామమని భావించును. మనకు ఇంటిపేరు మొదట వచ్చును. వరాహగిరి వెంకటగిరి “గిరి”గా లోకమునకు తెలిసెను. భద్రిరాజు కృష్ణమూర్తి గారి రచనలు అంతర్జాతీయ గ్రంథసూచికలలో “కృష్ణమూర్తి” క్రిందనే కనబడును. అక్షర సంక్షేపములతో, కడపట “రావు” అనియో “మూర్తి” అనియో ఉండు పేర్లు గల వారెందరో ఒకే వరుసలో చేరి ఒకరితో నొకరు కలిసిపోవుదురు. కావున రచయిత తన పేరును ఒక్క రూపమున నిర్ణయించుకొని జీవితమంతయు దానినే వాడుట మంచిది. 2012లో మొదలైన ఆర్కిడ్ సంఖ్యను తీసికొన్నచో పేరు మారినను రచనలు చెదరవు. ఉదాహరింపబడు ఇతరుల పేర్లలో ఇంటిపేరేదో, వ్యక్తి పేరేదో గ్రంథపు ముఖపత్రమును చూచి నిర్ధారింపవలెను.

అయిదవది లిపి. పాత ఫాంట్లలో కూర్చిన తెలుగు పాఠము సంపాదకుని యంత్రమున అర్థము లేని గుర్తులుగా మారవచ్చును. యూనికోడ్‌లో కూర్చినచో ఆ ప్రమాదము చాల వరకు తప్పును. రోమన్ లిపిలోనికి మార్చవలసినపుడు 2001లో వెలువడిన ఐఎస్ఓ 15919 వంటి ప్రమాణమును అనుసరింపవలెను. దీర్ఘములకును ళకారమునకును గుర్తులుంచకున్నచో కల, కళ, కాల, కాళ అను నాలుగు మాటలును ఒక్కటే యగును. ఖరగ్‌పూర్ వాడుక తెలుగును గూర్చి వ్రాయువానికి ఆ నాలుగింటి భేదమే ప్రమాణము కదా! గిడుగు రామమూర్తి పంతులు గారు 1931లో ప్రకటించిన సవర భాషా గ్రంథపు ఆంగ్ల శీర్షికలోనే ఆ భాష పేరులోని దీర్ఘములకు గుర్తులుంచిరి. లిపి లేని భాషను ఎరుగని పాఠకునకు అందింపబూనిన పండితుడు ముఖపత్రము మొదలుకొని పాటించిన జాగ్రత్త అది.

ఇక తుది పనులు. ప్రతి పట్టికకు సంఖ్య, శీర్షిక ఉండవలెను. వ్యాసము చదువకయే పట్టిక అర్థము కావలెను. పటములకు, ఛాయాచిత్రములకు హక్కుదారుల అనుమతి పొందవలెను. వ్యాసములో ఉదాహరించిన ప్రతి గ్రంథము పట్టికలోను, పట్టికలోని ప్రతి గ్రంథము వ్యాసములోను ఉన్నదో లేదో ఒక్కొక్కటిగా సరిచూడవలెను. పరిశీలకులకు రచయిత పేరు తెలియరాదను నియమము గల పత్రికలకు పంపునపుడు మొదటి పుటలోని పేరును తీసివైచుట చాలదు. ఫైలు లక్షణములలో దాగియున్న పేరును, “నా పూర్వ వ్యాసమున” వంటి మాటలను గూడ తొలగింపవలెను. పరుల మాటలకు ఉద్ధరణ చిహ్నములు, ఆధారము తప్పనిసరి. ధనసహాయ సంఘము 2018లో చేసిన నిబంధనలు 10 శాతము వరకు గల సారూప్యమునకు శిక్ష విధింపవు. అంతమాత్రమున ఒక్క వాక్యమునైనను చెప్పక తీసికొనుటకు అది అనుమతి కాదు.

వ్యాసమును ఒక పర్యాయము ఒక్క పత్రికకే పంపవలెను. దానితో కూడిన లేఖలో వ్యాసపు ప్రశ్న, ఫలితము, అది మరియెక్కడను పరిశీలనలో లేదను మాట క్లుప్తముగా నుండవలెను. పరిశీలకుల అభిప్రాయములు వచ్చినపుడు ఒక్కొక్కదానికి సంఖ్య వేసి, మార్చినది ఏ పుటలో నున్నదో, మార్పనిది యేల మార్పలేదో వినయముగా తెలుపవలెను. పరిశీలకుడు తప్పుగా గ్రహించిన చోటున గూడ, మరియొక పాఠకుడును అట్లే గ్రహింపవచ్చునని తలచి వాక్యమును సవరించుట వివేకము.

ఇంత శ్రమ ఎందుకన్న ప్రశ్న సహజము. కర్మాగారపు తొలి తరము నేడు లేదు. వారి మాటలను విన్న పిల్లలు ముసలివారైరి. ఇండ్లలోని ఉత్తరములు, జీతపు కాగితములు ఏటేట తగ్గిపోవుచున్నవి. వానిని చూచిన రచయిత ఆధారము చూపక వ్రాసినచో, ఏబది యేండ్ల తరువాతి పరిశోధకునకు ఆ వ్యాసము వట్టి కథనమే యగును. సరిచూచుటకు అప్పటికి కాగితములు ఉండవు. నేడు ఉత్తరపు తేదీని, అది ఎవరి యింట నున్నదియు, చెప్పినవారి మాటను చెప్పిన ఉచ్చారణతోనే నమోదు చేసిన వ్యాసము నాడు తానే ఆధారముగా నిలుచును.