నుదుటిపై వెనుకకు జరిగిన జుట్టు: నాటించుకోవాలా, ఆగాలా?

ఇరవై అయిదేళ్ల యువకుడికి ఒకనాడు అద్దంలో కణతల పైభాగాన జుట్టు కాస్త వెనుకకు జరిగినట్లు కనిపిస్తుంది. ఇంట్లో పెళ్లి మాటలు నడుస్తుంటాయి. ఫోటో చూసిన అమ్మాయి తరపువారు ‘అబ్బాయికి వయసు ఎక్కువేమో’ అన్నారని మధ్యవర్తి చెవిన వేస్తాడు. ఇక ఆ ఇంట్లో నిద్ర ఉండదు. గల్ఫ్‌లో పనిచేస్తున్న కుర్రవాడైతే, సెలవుపై వచ్చే నెల రోజుల్లోనే జుట్టు నాటించుకొని, పెళ్లి చేసుకొని తిరిగి వెళ్లాలని లెక్కలు వేసుకుంటాడు. హైదరాబాదు క్లినిక్కుల ప్రకటనలు అతని ఫోనులో రోజూ పలకరిస్తూనే ఉంటాయి.

ఇది నవ్వి తీసిపారేయవలసిన బాధ కాదు. అలాగని తొందరపడి తలను కత్తికి అప్పగించవలసిన విషయమూ కాదు. ధర్మం, వైద్యం, మన స్తోమత ఈ మూడింటినీ ఎదుట పెట్టుకొని ఆలోచిద్దాం.

ధర్మం ఏమంటుంది?

మొదటి సందేహం ఇదే: అల్లాహ్ సృష్టిని మార్చడం అవుతుందా? బనీ ఇస్రాయీల్‌కు చెందిన ముగ్గురు వ్యక్తుల ఉదంతం బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. వారిలో ఒకరు కుష్ఠురోగి, ఒకరు బట్టతల మనిషి, ఒకరు అంధుడు. దైవదూత వచ్చి ఏమి కావాలని అడిగినప్పుడు రెండవ వ్యక్తి మంచి జుట్టు కోరుకున్నాడు. దూత అతని తల నిమరగా జుట్టు ప్రసాదించబడింది. ఆ తర్వాత అతడు పరీక్షలో ఓడిపోయింది జుట్టు కోరుకున్నందుకు కాదు, చేయి చాచిన పేదవాణ్ణి కాదన్నందుకు. బట్టతలను పోగొట్టుకోవాలని కోరుకోవడం తప్పు కాదని ధార్మిక పండితులు ఈ హదీసు నుండి గ్రహించారు.

యుద్ధంలో ముక్కు తెగిపోయిన సహాబీ హజ్రత్ అర్ఫజా (రజి)కు బంగారు ముక్కు పెట్టుకోమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) అనుమతించిన సంఘటన అబూ దావూద్, తిర్మిజీలలో ఉంది. పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవడం వేరు, ఉన్నదాన్ని మోజుకొద్దీ మార్చుకోవడం వేరు. షేక్ ఇబ్నె ఉసైమీన్ జుట్టు నాటించుకోవడాన్ని ధర్మసమ్మతమన్నారు. అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 2007లో మలేషియాలో జరిగిన సమావేశంలో, రాలిన జుట్టును నాటించుకోవడాన్ని తర్వాత ఏర్పడిన లోపాల దిద్దుబాటు కింద చేర్చింది.

అయితే ఇతరుల వెంట్రుకలను తలకు జోడించుకోవడం హదీసులలో తీవ్రంగా నిషేధించబడింది. అంటించుకునే ‘హెయిర్ ప్యాచ్’ విషయంలో ఈ కారణంగా పండితులు అభ్యంతరం చెబుతారు. పైగా జిగురు కింద చర్మానికి నీరు చేరక గుసుల్‌కు ఇబ్బంది. శస్త్రచికిత్సలో నాటేది మన తల వెనుక భాగపు మన జుట్టే గనుక అది వేరు.

అనుమతి ఉన్నంత మాత్రాన అది అవసరమైపోదన్నది గుర్తుంచుకోవాలి. ఇక్కడి ప్రశ్న నిండు బట్టతల గురించి కాదు, కొద్దిగా వెనుకకు జరిగిన జుట్టు గురించి. కనుక అసలు లోపం ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి.

నిజంగా రాలుతోందా?

పదిహేడేళ్లు దాటాక ముప్పై లోపు చాలామంది పురుషులకు నుదుటి జుట్టు అంచు సుమారు ఒక వేలెడు పైకి జరుగుతుంది. ఇది పసితనపు ముఖం పెద్దరికపు ముఖంగా మారడమే తప్ప వ్యాధి కాదు. కనుబొమలు పైకెత్తితే నుదుటిపై పడే అన్నిటికన్నా పై ముడత నుండి జుట్టు అంచు వేలెడు దూరంలోనే నిలిచిపోయి ఉంటే సాధారణంగా కంగారు అక్కరలేదు. ఏటేటా ఇంకా వెనుకకు పోతుంటే, వెంట్రుకలు సన్నబడుతుంటే, నడినెత్తి పలచబడుతుంటే అది వంశపారంపర్యంగా వచ్చే బట్టతల కావచ్చు. అది తండ్రి వైపు నుండీ రావచ్చు, తల్లి వైపు నుండీ రావచ్చు. టోపీ పెట్టుకోవడం వల్ల బట్టతల వస్తుందన్నది అపోహ.

రోజుకు యాభై నుండి వంద వెంట్రుకలు రాలడం సహజం. టైఫాయిడ్, డెంగీ వంటి జ్వరాలు వచ్చిన రెండు మూడు నెలలకు జుట్టు కుప్పలుగా రాలి, మళ్లీ తానే వస్తుంది. థైరాయిడ్ లోపం, రక్తహీనత కూడా కారణాలే. వీటికి చికిత్స వేరు. అందుకే మొదట వెళ్లవలసింది చర్మవైద్య నిపుణుని వద్దకు. మూడు నెలలకోసారి ఒకే చోట, ఒకే వెలుతురులో ఫోటో తీసి ఉంచుకుంటే ఏడాదిలో నిజం తేలిపోతుంది.

తొలిదశలో మందులే మేలు

తలకు రాసే మినాక్సిడిల్, నోటి ద్వారా తీసుకునే ఫినాస్టరైడ్ ఉన్న జుట్టును నిలబెట్టడంలో ఉపయోగపడతాయి. ఫలితం కనబడడానికి కనీసం నాలుగు నుండి ఆరు నెలలు పడుతుంది. మానివేస్తే లాభమూ పోతుంది. ఫినాస్టరైడ్ వల్ల కొందరిలో దాంపత్య సంబంధమైన ఇబ్బందులు తలెత్తుతాయి గనుక వైద్యుడు రాయనిదే వాడరాదు. గర్భిణులు ఆ మాత్రల ముక్కలను, పొడిని తాకరాదు. ఇంట్లో కోడలు గర్భవతిగా ఉంటే ఈ జాగ్రత్త మరవకూడదు.

శస్త్రచికిత్సలో ఉన్న చిక్కు

తల వెనుక, పక్కల ఉండే జుట్టు బట్టతలకు లోబడదు. అక్కడి నుండి వేర్లతో సహా తీసి ముందు నాటుతారు. ఆ నిల్వకు హద్దు ఉంది, తీసినచోట మళ్లీ మొలవదు. ఇరవై అయిదేళ్లకే నుదుటి అంచు కోసం దాన్ని ఖర్చు చేశామనుకుందాం. నాటిన జుట్టు అలాగే ఉంటుంది, దాని వెనుక ఉన్న సహజమైన జుట్టు మాత్రం రాలుతూ పోతుంది. నలభై ఏళ్లకు ముందు ఒక గీత, దాని వెనుక ఖాళీ మిగులుతాయి. పూడ్చుకుందామంటే నిల్వ ఉండదు. చిన్న వయసులో, స్వల్పంగా రాలినవారికి మంచి వైద్యులు తొందరపడవద్దని చెప్పేది ఇందుకే.

పెళ్లి కోసం చేయించుకునేవారు మరొక సంగతి తెలుసుకోవాలి. నాటిన వెంట్రుకలలో ఎక్కువ భాగం రెండు నుండి నాలుగు వారాల్లో రాలిపోతాయి. మూడు నాలుగు నెలలకు మొలకలు వస్తాయి. పూర్తి ఫలితానికి ఏడాది పడుతుంది. నెల సెలవులో నాటించుకున్న వరుడు నికాహ్ నాటికి మునుపటికన్నా పలచగా కనిపించే అవకాశమే ఎక్కువ.

ప్రాణాపాయం అరుదైనా అసలే లేకపోలేదు. 2016లో చెన్నైలో వైద్యవిద్య చదువుతున్న యువకుడే ఈ శస్త్రచికిత్స అనంతరం మరణించాడు. 2022లో జాతీయ వైద్య కమిషన్ మార్గదర్శకాలు జారీచేస్తూ, వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకున్నది ఈ శస్త్రచికిత్సకు తగిన శిక్షణ కాదని స్పష్టం చేసింది. కనుక ఈ ప్రశ్నలు అడగడానికి మొహమాటపడకండి: కోత పెట్టేది వైద్యుడా, సహాయకుడా? ఆయన చర్మవైద్యంలోనో ప్లాస్టిక్ సర్జరీలోనో శిక్షణ పొందారా? మత్తుమందు వికటిస్తే ఆదుకునే ఏర్పాటు అక్కడ ఉందా? పదిహేనేళ్ల తర్వాత నా తల ఎలా ఉంటుందని మీ అంచనా? చివరి ప్రశ్నకు జవాబు చెప్పలేని చోట తల అప్పగించకపోవడమే మంచిది.

ఆరాధనలు, ఆర్థిక స్తోమత

చికిత్స జరిగిన తొలి రోజుల్లో తలను రుద్దరాదు, వంగరాదు అంటారు. అనారోగ్య స్థితిలో కూర్చొని, సైగలతో నమాజు చేసే సడలింపు షరీఅత్‌లో ఉంది. గాయం ఉన్నప్పుడు వుజూలో మసహ్ ఎలాగో ముందుగానే ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి. హజ్, ఉమ్రా సంకల్పం ఉన్నవారు ఆ తేదీలను వైద్యునికి ముందే చెప్పాలి.

నెలసరి వాయిదాలపై చేయిస్తామని కొందరు ఆశపెడతారు. వడ్డీ ఎక్కడ దాగి ఉందో కాగితం చదవనిదే సంతకం చేయరాదు. వేలెడు నుదురు కప్పుకోవడానికి వడ్డీ భారాన్ని నెత్తికెత్తుకోవడం విశ్వాసికి తగదు. చెల్లెలి చదువుకో, అబ్బా వైద్యానికో దాచిన సొమ్మును దీనికి మళ్లించడమూ న్యాయం కాదు.

ఇంటి పెద్దలకు ఒక మాట

హజ్రత్ ఉమర్ (రజి) హజరె అస్వద్‌ను ముద్దాడడం చూసిన వ్యక్తి ఆయనను బట్టతల మనిషిగానే గుర్తుచేసుకున్నట్లు సహీహ్ ముస్లింలో ఉంది. హజ్రత్ అలీ (రజి) తల ముందు భాగాన జుట్టు లేదని చరిత్రకారులు రాశారు. వారి గౌరవానికి అది లోటు కాలేదు. ధర్మం, నడవడి నచ్చిన వ్యక్తి సంబంధం అడిగితే కాదనవద్దని దైవప్రవక్త (స) బోధించారు. అమ్మాయిల తల్లిదండ్రులు ఫోటోలో నుదురు కొలిచే ముందు ఆ బోధను తలచుకుంటే ఎన్నో ఇళ్లలో ఈ బెంగే పుట్టదు. కొడుకును ఎగతాళి చేసే అన్నదమ్ములు, మేనమామలు కూడా తమ నాలుకను అదుపులో పెట్టుకోవాలి.

స్వల్పంగా జుట్టు వెనుకకు జరిగిన యువకులకు మా సలహా ఇది: ముందు వైద్యునికి చూపించండి, ఒక ఏడాది గమనించండి, అవసరమైతే మందు వాడండి. రాలడం స్థిరపడి, వయసు ముప్పై దాటి, చేతిలో హలాల్ సంపాదన ఉండి, మనసుకు ఇంకా వెలితిగానే ఉంటే అప్పుడు ఇస్తిఖారా చేసి, నిపుణుని వద్దకు వెళ్లండి. అది ధర్మసమ్మతమే. అంతవరకు ఉన్న జుట్టును శుభ్రంగా దువ్వి, నూనె రాసి, గౌరవంగా ఉంచుకోండి. అదీ ప్రవక్త (స) నేర్పిన సంస్కారమే. అల్లాహ్ మనందరికీ ఆరోగ్యాన్ని, ఉన్నదానితో తృప్తిని ప్రసాదించుగాక! ఆమీన్.