దూది బేలు – వీడియో ఫైలు

వార్షికోత్సవం తీయబోతే ఫోను నిండిపోయింది. తండా అవ్వ పాట చెరిపేద్దామన్నారు. ఆ అవ్వ ఇప్పుడు లేదు. ఆగండి!

మన చిలకలూరిపేట జిన్నింగు మిల్లుల్లో వదులు దూదిని ప్రెస్సులో నొక్కి 170 కిలోల బేలు కడతారు కదా! వీడియో కూడా అంతే. కదలని గోడను ప్రతి బొమ్మలో మళ్లీ రాయదు, మారినంతే రాసుకుంటుంది. ఇలాగే 1993 నాటి వీసీడీలో 74 నిమిషాల బొమ్మ పట్టింది. సినిమాకు రెండు, మూడు డిస్కులు వచ్చేవి.

ఎంపీ4 అనేది గోతాం మాత్రమే. పేరు మారిస్తే సైజు తగ్గదు, నొక్కే పద్ధతి మారాలి. 2003 నాటి హెచ్.264 కంటే 2013 నాటి హెచ్.265కు సుమారు సగం చోటు చాలు.

కానీ బేలు విప్పితే దూదంతా వస్తుంది. వీడియోలో పోయిన వివరం రాదు. అందుకే కొత్త ఫైలు చివరిదాకా ఆడించి చూశాకే పాతది తీయండి. అవ్వ పాట మాత్రం అసలుదే దాచండి!