ఈత నీరా పులియుట – కుండలో ఈస్టు చేయు పని

అనంతపురము జిల్లాలో సాలుకు సగటున పడు వాన 550 మిల్లీమీటర్ల ప్రాంతము మాత్రమే. వేరుసెనగ ఎండిన ఏట గూడ వంక గట్టున ఈత చెట్టు పచ్చగా నిలుచును. బుక్కరాయసముద్రము వంటి మెట్ట ప్రాంతములలో చెట్లు గీయు కుటుంబములకు అది చలికాలపు ఆధారము. అయితే తెల్లవారుజామున దించిన తియ్యని నీరా మధ్యాహ్నమునకు కల్లగును. ఒకటి రెండు రోజులకు నోట పెట్టలేనంత పుల్లనగును. ఈ మార్పునకు ముఖ్య కారణము ఈస్టు. దాని నడక తెలిసినవారు నీరాను కాపాడుకొనగలరు. తెలియనివారికి బెల్లము చెడును, రాబడి పోవును.

ఈస్టు అనగా నేమి?

ఈస్టు బూజు జాతికి చెందిన ఏకకణ జీవి. దాని పరిమాణము మిల్లీమీటరులో సుమారు 200వ వంతు. చక్కెర దానికి ఆహారము. చక్కెరను తిని అది మద్యసారమును, బొగ్గుపులుసు వాయువును విడుచును. లెక్క ప్రకారము 100 పాళ్ళ గ్లూకోజు నుండి సుమారు 51 పాళ్ళ మద్యసారము, 49 పాళ్ళ వాయువు వచ్చును. ఇది ప్రాణమున్న జీవి చేయు పని యని ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చరు 1860 ప్రాంతమున నిరూపించెను.

ఇతర దేశములలో ఇంట బీరు చేసికొనువారు బార్లీ మొలకల కషాయమును ముందుగా మరిగించి, చల్లార్చి, తాము కోరిన ఒక్క ఈస్టునే కలుపుదురు. కొన్ని గంటలవరకు ఏమియు కనిపించదు. పిదప నురగ లేచును. కొన్ని దినములకు నురగ అణగి, ఈస్టు అడుగున పేరుకొనును. మన కుండలో సంగతి వేరు. నీరాను ఎవరును మరిగించరు. ఈస్టును ఎవరును వేయరు. చెట్టు గాటు, పాత కుండ, గాలి, ఈగలు – వీనినుండి ఈస్టుతోబాటు పులుపు కలిగించు సూక్ష్మజీవులును చేరును. మన ఎండ వేడిమి వానికి తోడగును. కావున బీరునకు దినములు పట్టు పని కల్లునకు గంటలలో జరిగిపోవును.

కుండలో జరుగు మార్పులు

1. అప్పుడే కారిన నీరాలో నూటికి సుమారు 10 నుండి 12 పాళ్ళు చక్కెర ఉండును. పులుపుండదు.

2. ఈస్టు మొదట ఈ చక్కెరను గ్లూకోజు, ఫ్రక్టోజు అను రెండుగా విడగొట్టును. నురగ బాగుగా కనిపించునప్పటికే ఈ పని సాగుచుండును. ఇట్లు విడిపోయిన చక్కెర గల నీరాను కాచినను బెల్లము గట్టిపడదు, జిగురుగా మిగులును. బెల్లము వండువారు ముఖ్యముగా గమనింపవలసినది ఇదియే.

3. పిదప నురగ పొంగును. ఇది బొగ్గుపులుసు వాయువు. పులియుచున్న నీరాను సీసాలో బిగించిన సీసా పగులవచ్చును.

4. చక్కెర తరిగిన కొలది నురగ తగ్గును. ఇక గాలి తగిలిన కొలది వేరొక జాతి సూక్ష్మజీవులు మద్యసారమును వెనిగరు పులుపుగా మార్చును. చక్కెర కలిపినను ఆ పులుపు పోదు.

నీరాను కాపాడు విధము

ఈస్టును కుండలోనికి రాకుండ పూర్తిగా ఆపలేము. దాని పనిని మాత్రము ఆలస్యము చేయవచ్చును.

కుండను ప్రతిదినము వేడినీటితో కడిగి, ఎండబెట్టి, పొగపట్టవలెను. నిన్నటి మడ్డి రవ్వంత మిగిలినను అది నేటి నీరాకు తోడువలె పనిచేయును. కుండ లోపల సున్నము పూసిన ఈస్టు పెరుగజాలదు. సున్నము మితిమీరిన బెల్లము నల్లబడి రుచి చెడును. ఎండ ఎక్కక మునుపే కుండ దించి, వెంటనే వడగట్టి, కాచుటకు పొయ్యిమీద పెట్టవలెను. బాగుగా కాగిన ఈస్టు చచ్చును. చలిపెట్టెలో ఉంచిన ఈస్టు చావదు, మందగించును. బయటికి తీసినంతనే మరల పని మొదలిడును.

కుండ మూతికి, గాటుకు వల గాని తడిక గాని కట్టవలెను. గబ్బిలములు ముట్టిన పచ్చి ఈతరసము వలన బంగ్లాదేశములో ప్రాణాంతకమైన నిపా వ్యాధి సోకినది. పులిసినంత మాత్రమున ఇట్టి ప్రమాదము తొలగునని నమ్మరాదు.

గ్రామాధికారులకు సూచన

ఈస్టు తన వేళకు తాను పనిచేయును. ఏడాది పొడుగునా ఒకే తీరున, ఒకే మత్తుతో కల్లునీయదు. చెట్లు తక్కువై, కల్లు మాత్రము ఎప్పటివలెనే అమ్ముడగుచున్నచోట అనుమానింపవలెను. క్లోరల్ హైడ్రేటు, డైజిపాము వంటి మందులను నీటిలో కలిపి కల్లని అమ్ముట పలుచోట్ల బయటపడినది. అలవాటుపడినవారికి అది హఠాత్తుగా ఆగిన వణుకు, మూర్ఛలు వచ్చి ప్రాణముమీదికి వచ్చును. అట్టివారిని దండించుటకు ముందు ఆసుపత్రికి చేర్చవలెను. నురగ ఉన్నంత మాత్రమున మంచి కల్లని చెప్పరాదు. నురగను గూడ కల్పింపవచ్చును. నమూనాను పరీక్షకు పంపుటయే సరియైన మార్గము.

చెట్లు గీయుట, కల్లు అమ్ముట 1968 నాటి ఎక్సైజు చట్టమునకు లోబడినవి. గీయువారు ముందుగా ఎక్సైజు శాఖ అనుమతి పొందవలెను. అనుమతి పొందినవారు వేళను పాటించి, కుండను శుభ్రముగా ఉంచుకొనిన, నీరా బెల్లమై ఇంటికి రాబడి తెచ్చును.