అమ్మమ్మగారి డబ్బాలో నాణేలు

అమ్మమ్మగారు ప్రభువునందు నిద్రించిన తరువాత ఆమె ట్రంకుపెట్టె తెరిచాము. రెండు నేతచీరలు, అంచులు చిరిగిన బైబిలు, వాటి అడుగున ఒక తగరపు డబ్బా. డబ్బాలో ముప్పైకి పైగా నాణేలు. చదువరులలో చాలామంది ఇళ్లలో ఇలాంటి డబ్బా ఉండే ఉంటుంది గనుక, మేము చేసిన తప్పు ముందుగానే చెప్పేస్తున్నాము. నల్లబడి ఉన్నాయని వాటిని చింతపండుతో తోమాము. తళతళలాడుతుంటే ఇంటిల్లిపాదీ సంతోషించాము కూడా.

పట్నంలో పాత నాణేలు కొనే ఒక పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్తే, 1918 నాటి వెండి రూపాయిని వెలుగుకు తిప్పి చూసి, "దీన్ని ఎవరమ్మా తోమింది?" అన్నారు. ఏళ్లతరబడి వెండిపై పట్టిన ఆ నలుపే సేకరించేవారికి ఇష్టమట. తోమితే సన్నని గీతలు పడతాయి, అవి మళ్లీ పోవు. ఇక దానికి వెండి ధరే అన్నారాయన. ఆ రూపాయి తూకం 11.66 గ్రాములు, సరిగ్గా ఒక తులం. అందులో పన్నెండు పాళ్లకు పదకొండు పాళ్లు వెండి.

తోమకపోయినా అది లక్షలు చేసేది కాదని కూడా ఆయనే చెప్పారు. మొదటి ప్రపంచయుద్ధపు రోజుల్లో వెండి రూపాయలకు కరువు వస్తే, అమెరికా నుండి వెండి తెప్పించి మరీ కోట్లకొద్దీ ముద్రించారు. అందుకే 1918 రూపాయి నేటికీ దొరుకుతుంది. వయసును బట్టి కాదు, ఎన్ని ముద్రించారు, ఎన్ని మిగిలాయి, ఎంత అరిగింది అన్నదాన్ని బట్టి ధర అని ఆ రోజు మాకు తెలిసింది.

ఆపైన భూతద్దం మా చేతికిచ్చి, రూపాయి వెనుకవైపు అడుగున ఉన్న తామరపువ్వు కింద చూడమన్నారు. ఆవగింజలో సగమైనా లేని చుక్క ఒకటుంది. అది బొంబాయి టంకశాల గుర్తు. చుక్క లేకపోతే కలకత్తాది. రెండవ ప్రపంచయుద్ధంలో 1943 నుండి లాహోరులోనూ ముద్రించారు, ఆ టంకశాల గుర్తు ఇంగ్లీషు ఎల్ అక్షరం. మా డబ్బాలోని 1945 రూపాయిపై అది కనబడింది. చూడటానికి వెండిదే గాని, 1940 నుండి 1945 వరకు రూపాయిలో సగమే వెండి, తక్కినది రాగి మొదలైనవి. 1947 రూపాయిలో అసలు వెండే లేదు, అది నికెలుది. ఒకే రాజు బొమ్మ చూసి అన్నిటినీ ఒకే ధరకు అమ్ముకునేవారూ ఉన్నారు, కొనేవారూ ఉన్నారు!

స్వాతంత్ర్యం తరువాతి నాణేలకు గుర్తు తేదీ కింద చూడాలి. వజ్రపు ఆకారం ఉంటే ముంబయి, ఐదు కోణాల నక్షత్రం ఉంటే మన హైదరాబాదు, ఏమీ లేకపోతే కోల్‌కతా. 1988లో పని మొదలుపెట్టిన నోయిడా టంకశాలది గుండ్రని చుక్క. చిల్లర చాలక విదేశాలలో ముద్రింపించిన నాణేలు కూడా ఉన్నాయి. 1985 రూపాయి కింద ఇంగ్లీషు హెచ్ అక్షరం ఉంటే అది ఇంగ్లండులోని బర్మింగ్‌హాంలో తయారైనది.

మాకు అన్నిటికన్నా ముచ్చట వేసింది చార్మినారు నాణెం. అమ్మమ్మగారి పుట్టినిల్లు ఖమ్మం వైపు, నిజాం ఏలుబడిలోది. దానిపై అంకెలు ఉర్దూ మాస్టారుగారు చదివి 1337 అంటే, ఏడువందల ఏళ్లనాటిదని ఎగిరి గంతేశాము. అది హిజ్రీ సంవత్సరమని, మన లెక్కలో 1918–19 అని ఆయన నవ్వుతూ చెప్పారు. చార్మినారు వాకిట్లో ఒక అరబ్బీ అక్షరం ఉంటుంది. అది 'ఐన్', ఉస్మాన్ అలీఖాన్ పేరులోని మొదటి అక్షరం. ఆయన తండ్రి మహబూబ్ అలీఖాన్ కాలపు నాణెమైతే అక్కడ 'మీమ్' ఉంటుంది.

ఇక అసలు బాధాకరమైన సంగతి. మా ఊరి కుర్రవాడొకడి దగ్గర 2012లో వచ్చిన వైష్ణోదేవి బొమ్మ ఐదు రూపాయల బిళ్ల ఉంది. దానికి పది లక్షలిస్తామని సెల్‌ఫోనులో ప్రకటన. ఫోను చేస్తే ముందు రిజిస్ట్రేషనుకు కొంత, తరువాత పన్నుకు కొంత అన్నారు. ఎరువులకని దాచిన 2,500 రూపాయలు పంపించాడు. ఆ తరువాత ఆ నంబరు పలకలేదు. వాళ్లమ్మకు చెప్పడానికి అతనికి నెల పట్టింది. రిజర్వుబ్యాంకు పాత నాణేలు, నోట్ల బేరాలు చేయదు, వాటికి రుసుములు వసూలు చేయదు. తన పేరు చెప్పి అడిగేవారిని నమ్మవద్దని 2021 ఆగస్టులో ప్రకటించింది కూడా. కొనేవాడు డబ్బు ఇవ్వాలి గాని మనల్ని అడగడమేమిటి?

ఈస్టిండియా కంపెనీ 1818 అని వేసి, దేవుళ్ల బొమ్మలున్న రాగి బిళ్లలు కూడా సంతల్లో తిరుగుతుంటాయి. కంపెనీ అలాంటి నాణేలు ఎన్నడూ ముద్రించలేదు. బియ్యపు గింజలను లాగే నాణెమని చెప్పి, 'రైస్ పుల్లింగ్' పేరుతో పొలాలు అమ్మించిన ముఠాల మాట వేరే చెప్పనక్కరలేదు. జార్జి రాజు రూపాయలలో 1939ది అరుదు గనుక, 1938లోని ఎనిమిదిని తొమ్మిదిగా చెక్కి అమ్మే ఘనులున్నారు. ఆ అంకెను భూతద్దంతో చూడకుండా కొనకండి.

దున్నుతుండగా నాణేల కుండ బయటపడితే మాత్రం సంగతి వేరు. భూమిలో దాగిన సొత్తు పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం. దాచిపెట్టినవారు శిక్షార్హులు. నూరేళ్లు దాటిన నాణేలను విదేశాల్లోని పిల్లలకు పంపకూడదు, 1972 చట్టం ఒప్పుకోదు.

మా నాణేలను ఒక్కొక్కటి తెల్లకాగితంలో చుట్టి, మళ్లీ ఆ డబ్బాలోనే పెట్టాము. ప్లాస్టిక్ సంచి వద్దని, అంచులతోనే పట్టుకోమని ఆ పెద్దాయన మరీమరీ చెప్పారు. వెండి రూపాయి అమ్మలేదు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లలు భూతద్దం తెచ్చుకుని, "తామరపువ్వు కింద చుక్క నేను ముందు చూస్తా" అని తగువులాడుకుంటారు.